మొదటి దెబ్బ లేని మండలం

మా గుండ్లవంక మండలంలో ఎవరూ ఎవరినీ ముందు కొట్టరు. ఈ సంగతి ఠాణా గోడ మీద నీలం రంగుతో రాయించారు. నాకు చదువు అంతగా రాదు కాబట్టి మా ఊరి విలేకరి మద్దిలేటి చదివి చెప్పాడు. పైన పెద్ద అక్షరాలతో 'దాడి రహిత మండలం' అని ఉందట. కింద చిన్న అక్షరాలతో 'ఎదురుదాడులు మాత్రమే నమోదు చేయబడును' అని ఉందట.

నేను గొర్రెలు కాసేవాణ్ణి. పేరు ఉరుకుందప్ప. మాట నెమ్మదిగా వస్తుంది నాకు. ఒక మాట నోట్లోంచి బయటికి వచ్చేలోపల ఎదుటివాడు బీడీ ముట్టించుకుంటాడు. అందుకని ఈ కథ కూడా నెమ్మదిగానే చెబుతాను.

పోయిన ఏడాది మా ఠాణాకు జయసింహ అని కొత్త ఎస్సై వచ్చాడు. మనిషి మంచివాడే. మీసం ఒత్తుగా ఉంటుంది. ఆశయాలు ఇంకా ఒత్తుగా ఉంటాయి. ఆయన్ను పైవాళ్లు మీటింగుకు పిలిచి, మీ మండలంలో దాడుల సంఖ్య ఎందుకు తగ్గలేదని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆయన తిరిగి వచ్చి బస్టాండు దగ్గర టీ కొట్టులో దిగులుగా కూర్చున్నాడు. పక్కన మద్దిలేటి ఉన్నాడు. ముందర పేపరు ఉంది.

పేపర్లో ఒక నాయకుడు ఇంకో నాయకుడి మీద నిప్పులు చెరిగాడు. ఆ పక్కనే ఆ రెండో నాయకుడు ఆ నిప్పుల్ని తిప్పికొట్టాడు. కింద మూడో ఆయన ఇద్దరికీ దీటుగా బదులిచ్చాడు. ఎస్సై రెండుసార్లు చదివి, "మద్దిలేటీ, ఇందులో ముందు మొదలుపెట్టింది ఎవరయ్యా?" అని అడిగాడు.

"ఎవురూ లేదు సార్," అన్నాడు మద్దిలేటి. "నేను ఈ పనిలోకి వచ్చినప్పట్నించి సూస్తావుండా. మా పేపర్లో ఎవురూ ముందు తిట్టలేదు. అందరూ తిప్పికొట్టేదే."

ఎస్సై సగం టీ వదిలేసి లేచాడు. ఆ టీ మద్దిలేటి తాగాడు.

మర్నాడే ఆర్డరు వచ్చింది. 'ఇకమీదట ఈ ఠాణా పరిధియందు జరుగు ప్రతి ఘటనలోనూ, కొట్టినవారు తిరిగి కొట్టినవారుగా భావించబడుదురు. ఎదురుదాడి అనునది ఆత్మరక్షణ కిందికి వచ్చును గనుక, దాడుల సంఖ్య శూన్యముగా చూపబడును.' హెడ్డు దస్తగిరి దీన్ని ఊరూరా మైకులో చదివాడు. మాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి ముందుగా ఎల్లప్ప చెవికి దెబ్బ తగలాల్సి వచ్చింది.

మా వీధి ఎల్లప్పను బోరు నీళ్ల దగ్గర నర్సన్న పార కామ కర్రతో కొట్టాడు. ఎల్లప్ప చెవి పట్టుకుని ఠాణాకు పోతే నేను తోడు పోయాను.

"నర్సన్న కొట్టినాడు సార్ నన్ను," అన్నాడు ఎల్లప్ప.

"'కొట్టినాడు' అని రాయకూడదప్పా," అన్నాడు దస్తగిరి. "'తిరిగి కొట్టినాడు' అని రాయల్ల."

"నేను వాణ్ని కొట్టల్యా సార్."

"మరి వాడు దేనికి తిరిగి కొట్టినాడు?"

"తిరిగి కొట్టల్యా సార్. ఉత్తగ కొట్టినాడు."

"ఉత్తగ కొట్టేది ఈ మండలంలో జరగదప్పా. గోడ మీద సూడు. బాగా యోచన చెయ్. నువ్వు ముందు ఏమో చేసింటావు."

ఎల్లప్ప మంచివాడు. యోచన చేశాడు. చెవిలోంచి రక్తం కారుతుంటే యోచన చేశాడు. చివరికి, పెళ్లికాని రోజుల్లో నర్సన్న కుక్కను రాయితో కొట్టిన సంగతి గుర్తుకు వచ్చింది. దస్తగిరి సంతోషపడ్డాడు. నర్సన్న తన కుక్క తరఫున ఎదురుదాడి చేసినట్టు రాసుకున్నాడు. ఎల్లప్ప చేత నర్సన్నకు క్షమాపణ చెప్పించి పంపాడు.

అంతటితో ఆగలేదు. మంచి పద్ధతి అని మిగతా ఆఫీసులూ పట్టుకున్నాయి. ఆసుపత్రిలో కుక్క కరిచినవాళ్లను "ముందు నువ్వు కుక్కను ఏమన్నావు?" అని అడిగాకే సూది వేశారు. వడగండ్ల వానకు మిరపతోట పోయినవాళ్లను, "వానలకు ముందు మీరు ఆకాశం వైపు చూసి ఏమైనా అన్నారా?" అని అడిగి రాసుకున్నారు. అందరూ ఏదో ఒకటి అనే ఉన్నారు. ఎండాకాలం ఎవరు అనరు?

మా ఇంటిది బజారమ్మ కూడా నేర్చుకుంది. ఒక పూట నేను అన్నానికి కూర్చుంటే గరిటె విసిరింది.

"ఎందుకే?" అన్నాను.

"ఎదురుదాడి. దేనికనేది తర్వాత యోచన చేసి చెప్తా. నువ్వైతే తిను."

ఏడాది తిరిగేసరికి జిల్లాలో దాడులు ఒక్కటీ లేని మండలం మాదే అయింది. డీఎస్పీ సారు స్వయంగా వచ్చి ధ్రువపత్రం ఇస్తాడని కబురు వచ్చింది. ఇక్కడ నా పొట్టేలు సంగతి చెప్పాలి.

వాడి పేరు గజ్జెలోడు. తల్లి చనిపోతే బజారమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. రాత్రిళ్లు చలికి మా ఇద్దరి మధ్య పడుకునేవాడు. పెద్దయ్యాక మెడకు గజ్జెలు కట్టాం. చీకట్లో కూడా వాడు ఎక్కడున్నాడో తెలియాలని ఆమె కోరిక. మా కురువోళ్ల వీధిలో పొట్టేళ్లతో ఒక ఆట ఉంది. మనిషి తల వంచి రెండడుగులు వెనక్కి వేస్తాడు. పొట్టేలు కూడా వెనక్కి వేస్తుంది. తర్వాత అది ఉరికి వచ్చి ఢీ కొడుతుంది, మనం పక్కకు తప్పుకుంటాం. తల వంచడమంటే రమ్మని పిలవడం. పిలిచాక పోకపోతే పొట్టేలుకు పరువు పోతుంది. మా వీధిలో పాలు తాగే బిడ్డకు కూడా పొట్టేలు ముందు తల వంచకూడదని తెలుసు.

పెద్దవాళ్లు ఊరికి వస్తే భుజాన గొంగడి కప్పి, పక్కన మంచి పొట్టేలును నిలబెట్టడం మా మర్యాద. సర్పంచు కౌలుట్లయ్య వచ్చి గజ్జెలోణ్ణి అడిగాడు.

"ఇస్తా గాని అప్పా," అన్నాను, "ఆ సారుకు ఒక మాట చెప్పి పెట్టు. వీని ముందర తల వంచొద్దని."

కౌలుట్లయ్య నవ్వాడు. "డీఎస్పీ యాడన్నా తల వంచుతాడా మామా? వంచేది మనం గదా!"

అదీ నిజమే అనిపించింది.

సారు కారు దిగాడు. అందరూ గజ్జెలోడి వెనకాల చేరి వంగి దండాలు పెట్టారు. నేను గజ్జెలోడి తాడు కౌలుట్లయ్యకిచ్చి, వాడికి కనపడకుండా కారు అవతలికి పోయి మరీ వంగాను. అందరికన్నా ముందు వంగింది నేనే. మా ఇంటివాళ్లకు ఖాకీ కనపడితే నడుము దానంతట అది వంగుతుంది.

సారు వేదిక ఎక్కి, మొదటి దెబ్బ అనేది చరిత్రలో కలిసిపోయిందని మాట్లాడాడు. చప్పట్లు కొట్టాం. గొంగడి కప్పే వేళయింది. కౌలుట్లయ్య గొంగడితో, గజ్జెలోడితో వేదిక ఎక్కి సారు ఎదురుగా నిలబడ్డాడు. సారు ఎత్తు మనిషి, కౌలుట్లయ్య పొట్టివాడు. సారుది మంచి మనసు. ప్రజల దండానికి తిరిగి దండం పెట్టాలనుకున్నాడు. చేతులు జోడించి, కౌలుట్లయ్యకు అందేటట్టు తల బాగా కిందికి వంచి, చోటు కోసం రెండడుగులు వెనక్కి వేశాడు.

గజ్జెలోడు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను అరిచాను. నా మాట సంగతి ముందే చెప్పాను. "సారూ" అనే మాట బయటికి వచ్చేసరికి తాడు కౌలుట్లయ్య చేతిలో లేదు. "తలెత్తు" అనే మాట వచ్చేసరికి సారు వేదిక మీద లేడు. వెనకాల కట్టిన బట్ట బ్యానరుతో సహా అవతల పడ్డాడు. బ్యానరు మీద ఏం రాసి ఉందో అందరికీ తెలుసు.

గజ్జెలోణ్ణి ఠాణాకు తీసుకుపోయి కిటికీ ఊచకు కట్టేశారు. నేనూ బజారమ్మా బయట అరుగు మీద కూర్చున్నాం. సారును ఆసుపత్రికి తీసుకుపోయారు. భుజానికి తగిలింది, మెడ పట్టేసింది, అంతే. ప్రాణానికి ఏం కాలేదు.

దస్తగిరి గజ్జెలోణ్ణి చాలా బాగా చూసుకున్నాడు. జొన్నసొప్ప తెచ్చి వేశాడు. నీళ్లు పెట్టాడు. అప్పుడప్పుడూ వచ్చి పక్కటెముకల మీద, తొడల మీద చేత్తో నొక్కి చూశాడు. అది నాకు నచ్చలేదు.

"మామా, వీడు ఎంత తూగుతాడు?"

"దేనికప్పా?"

"ఊరికే అడిగితి. ఆదివారం ఎస్సై సారు ఇంటికి బంధువులు వస్తావుండారు. నేరం రుజువైతే జప్తు గదా. జప్తు చేసింది యాడ పెట్టుకునేది? ఠాణాలో జాగా ల్యాదు."

బజారమ్మ లేచి నిలబడింది. నాతో ఒకటే మాట చెప్పింది. "వాణ్ని ఇడిపిచ్చుకోని రా. లేకుంటే నువ్వూ ఇంటికి రావాకు." తర్వాత దస్తగిరి వైపు చూసింది. "నువ్వు ఇంగొకసారి నా బిడ్డ తొడ మీద చెయ్యేస్తే ఎదురుదాడి జరుగుతాది సూడు."

శనివారం విచారణ పెట్టారు. డీఎస్పీ సారు మెడకు గట్టి పట్టీ వేసుకుని వచ్చాడు. ఆ పట్టీతో తల ఎటూ తిరగదు, కిందికి అసలే దిగదు. ఎస్సై మేజా వెనకాల, నేను తలుపు దగ్గర, గజ్జెలోడు కిటికీ దగ్గర. మద్దిలేటి మూలన నిలబడ్డాడు. దస్తగిరి రాసుకుంటున్నాడు.

"రాయండి," అన్నాడు డీఎస్పీ సారు. "సదరు పొట్టేలు విధి నిర్వహణలో ఉన్న అధికారి మీద దాడి చేసింది."

ఎస్సై లేచి సెల్యూట్ కొట్టాడు. "మన్నించాలి సార్. ఈ మండలంలో దాడి లేదు సార్. తమరే ధ్రువపత్రం ఇచ్చారు సార్."

"ఇవ్వబోతుంటేనే కదయ్యా పొడిచింది!"

"సంతకం అంతకుముందే అయిపోయింది సార్. ఇప్పుడు దాడి అని రాస్తే తమ సంతకం తప్పవుతుంది."

డీఎస్పీ సారు కొంచెంసేపు తన సంతకం గురించి ఆలోచించాడు. "అయితే ఏమని రాస్తావు?"

"ఎదురుదాడి అని సార్."

"అంటే నేను ముందు పొట్టేలును కొట్టాననా?"

గజ్జెలోడు మెడ దులుపుకున్నాడు. గజ్జెలు మోగాయి.

ఎస్సై నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ జంతువు ఏ చర్యకు ప్రతిచర్యగా ఈ విధంగా ప్రవర్తించింది?"

"తల వంచినాడు సార్ పెద్దసారు," అన్నాను. "తల వంచితే పిల్సినట్ల లెక్క వానికి. పిల్సినాక పోకుంటే బాగుండదని పోయినాడు."

ఎస్సై ముఖం వెలిగింది. గట్టిగా చెబుతూ రాయించాడు. "'తల వంచుట అనునది పొట్టేళ్ల వ్యవహారమునందు ప్రథమ దాడిగా పరిగణించబడును.' ఇంకేం సార్, పొట్టేలుది స్పష్టమైన ఎదురుదాడి."

"అయితే దాడి నాదా!" అన్నాడు డీఎస్పీ సారు. మెడ తిరగదు కాబట్టి మనిషంతా ఎస్సై వైపు తిరిగాడు.

"అబ్బెబ్బే, తమరిది కూడా ఎదురుదాడే సార్. ఈ మండలంలోకి వచ్చాక తమకు కూడా అదే వర్తిస్తుంది. తమరు తల ఎందుకు వంచారు సార్?"

"జనం దండం పెట్టారు. తిరిగి పెట్టాను. మర్యాద."

"తిరిగి!" ఎస్సై మేజా మీద కొట్టాడు. "తమ నోటితోనే అన్నారు సార్, తిరిగి. మరి ముందుగా వంచిన వ్యక్తి ఎవరు?"

దస్తగిరి రాయడం ఆపి నన్ను చూశాడు. మద్దిలేటి నన్ను చూశాడు. గజ్జెలోడు ఒక్కడే సొప్ప చూసుకుంటున్నాడు.

"అందరికన్నా ముందు వంచింది నేనే సార్," అన్నాను. ఒప్పుకోవడానికి నాకేం కష్టం కాలేదు. "నన్ను లోపలేసుకోండి సార్. వాణ్ని ఇడ్సండి. ఆదివారం నన్నైతే తినేకి రాదు."

దస్తగిరి తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఎవరిని పడితే వాళ్లను లోపల వేయడానికి వీల్లేదయ్యా," అన్నాడు ఎస్సై. ఇప్పుడు ఆయనకు చెమటలు పడుతున్నాయి. "నిన్ను వేస్తే దాడి జరిగినట్టు అవుతుంది. దాడి మండలంలో లేదు. కాబట్టి నీ తల కూడా దేనికో ఒకదానికి తిరిగి వంగి ఉండాలి. తాపీగా ఆలోచించు. నువ్వు దేనికి ఎదురుగా వంచావు?"

తాపీగా ఆలోచించమంటే నాకు కష్టం లేదు. అందరూ కూర్చున్నారు. టీలు వచ్చాయి. టీలు అయిపోయాయి.

"మా నాయన నేర్పిచ్చినాడు సార్," అన్నాను.

"మీ నాయన దేనికి వంచాడు?"

"మా తాత నేర్పిచ్చినాడు."

"మీ తాత?"

"మా తాత మొదట్ల వంచేవాడు కాదంట సార్. ఒగ దినం పోలీసు కచేరీ ముందర గొర్రెలు దారికి అడ్డమొచ్చినాయంట. కచేరీలోంచి జవాన్లు వస్తే మా తాత తలెత్తి, గొర్రెలు దాటినంక పోదురు గాని ఆగండి అన్యాడంట. కొట్టినారంట. బాగా కొట్టినారంట. కాలు మళ్ల రాల్యా ఆయప్పకు. అప్పట్నించి మా ఇంట్లో మొగపిల్లోనికి నడక వస్తానే మొట్టమొదట నేర్పేది అదే. ఖాకీ కనపడితే వంగల్ల అని."

దస్తగిరి కలం ఆగింది.

ఎస్సై మెల్లగా అడిగాడు. గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది. "ఆ జవాన్లు... వాళ్లు దేనికి తిరిగి కొట్టారు?"

"మా తాత తలెత్తినందుకు సార్."

"తలెత్తడం దాడి అవుతుందా?"

"నాకేం తెల్సు సార్. అది మీరే చెప్పల్ల."

ఎస్సై 'అవుతుంది' అని చెప్పేటట్టే ఉన్నాడు. నోరు తెరిచాడు కూడా. అప్పుడు ఆయన చూపు డీఎస్పీ సారు మీద పడింది. సారు తల మెడపట్టీలో నిటారుగా నిలబడి, సూటిగా ఎస్సై ముఖం వైపే ఉంది. వచ్చినప్పటి నుంచీ అట్లాగే ఉంది. డాక్టరు ఇంకా కొన్నాళ్లు అట్లాగే ఉండాలన్నాడు.

ఎస్సై నోరు మూసుకున్నాడు.

అందరికీ ఒకే సంగతి కనపడుతోంది గానీ ఎవరూ పైకి అనడం లేదు. తల వంచడం దాడి అయితే పెద్దసారు సభనాడు దాడి చేశాడు. తల ఎత్తడం దాడి అయితే పెద్దసారు ఇప్పుడు చేస్తున్నాడు. రెండూ కాకపోతే ముందు కొట్టింది కచేరీ. మూలన మద్దిలేటి పెన్ను తీశాడు. ఎస్సై దాన్ని జేబులో పెట్టమని సైగ చేశాడు. మద్దిలేటి పెట్టాడు.

ఇటువంటి సమయంలోనే చదువుకున్నవాళ్ల గొప్పదనం తెలుస్తుంది. ఎస్సై కళ్లు మూసుకుని, తెరిచి అడిగాడు. "ఉరుకుందప్పా, మీ తాత కాలంలో ఈ మండలం ఉందా?"

"ల్యా సార్. మండలాలు మొన్న గదా వచ్చింది. అప్పుడంతా తాలూకా."

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. నీళ్లు తాగాడు. తర్వాత దస్తగిరి చేత రాయించాడు. 'విచారణలో తేలినదేమనగా, సదరు పొట్టేలు, తదుపరి గౌరవనీయ అధికారి, తదుపరి సదరు కాపరి, అతని తండ్రి, అతని తాత అందరూ ఎదురుదాడి చేసినవారే. మొదటి దెబ్బ తాలూకాయందు జరిగినది. తాలూకా రద్దయినది. కావున ఈ మండలమునందు దాడి జరగలేదు.'

"మరి ఇకముందు?" అన్నాడు డీఎస్పీ సారు. పట్టీ లోపల మెడ తడుముకుంటున్నాడు.

"ఇకముందు ఈ గొలుసు మళ్లీ మొదలు కాకుండా ఆర్డరు వేస్తాను సార్."

గజ్జెలోడి తాడు నా చేతికి ఇచ్చారు. దస్తగిరి గేటు దాకా వచ్చాడు. వాడి తొడల వైపు చివరిసారి చూసుకున్నాడు. ఆదివారం ఎస్సై సారు బంధువులు కోడిగుడ్ల కూర తిన్నారని తర్వాత తెలిసింది. బజారమ్మ వీధి మొదట్లోనే ఎదురుచూస్తోంది. గజ్జెల చప్పుడు విని ముందుకు పరుగెత్తింది. నేను కూడా వస్తున్నానని కొంచెం ఆలస్యంగా గమనించింది.

సోమవారం ఠాణా గోడ మీద కొత్త వరుస రాయించారు. మద్దిలేటి చదివాడు. 'అధికారుల ఎదుట తల వంచుట, నడుము వంచుట, వంగి దండము పెట్టుట దాడిగా పరిగణించబడును. పాటించని వారిపై చర్య తీసుకొనబడును.'

జనానికి అలవాటు కావడం కష్టమైంది. ఎల్లప్ప ఏదో పని మీద ఠాణాకు పోయి, గేటు దగ్గరే సగం వంగాడు.

"తలెత్తప్పా, తలెత్తు!" అని దస్తగిరి లోపలినుంచి ఉరికి వచ్చాడు. "కేసైతాది!"

ఎల్లప్ప తలెత్తాడు. దస్తగిరి ముఖం వైపు మొదటిసారి సూటిగా చూశాడు. ఇద్దరూ కొంచెంసేపు అట్లాగే నిలబడ్డారు. చివరికి ఎల్లప్ప తన చెవి చూపించి, ఆ నర్సన్న కేసు మళ్లీ ఒకసారి రాసుకోమన్నాడు. ఈసారి కుక్క సంగతి వద్దన్నాడు. దస్తగిరి రాయలేదు గానీ, కూర్చోమని కుర్చీ చూపించాడు.

బ్యానరు కింద పడటంతో ఆగిపోయిన సభ మళ్లీ పెట్టారు. ఊరంతా వచ్చింది. ఈసారి డీఎస్పీ సారు కారు దిగేసరికి ఎవరూ వంగలేదు. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు అందరం నిలువుగా నిలబడి ఆయన ముఖంలోకి చూశాం. ఆర్డరు ప్రకారమే చూశాం. సారు ఎటు చూసినా ఎవరిదో ఒకరి కళ్లే ఎదురయ్యాయి. ఆయన కాసేపు ఆకాశం చూశాడు. కాసేపు బూట్లు చూడబోయాడు గానీ, పట్టీ ఇంకా తీయలేదు.

ఎస్సై జయసింహకు పతకం ఇచ్చారు. రిబ్బను కట్టి ఉన్న పతకం. మెడలో వేయాలంటే తల కొంచెం వంచాలి. సారు రిబ్బను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఎస్సై ముందుకు వచ్చాడు. వచ్చి, గుంపు వైపు చూశాడు. గుంపులో నేను. నా పక్కన గజ్జెలోడు. గజ్జెలోడు కూడా ఎస్సైని చూశాడు.

ఎస్సై పతకాన్ని చేత్తో తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే మెడ పట్టేసింది. బజారమ్మ ఆముదం వెచ్చచేసి తెచ్చి రుద్దింది. గజ్జెలోడు పక్కన పడుకుని నెమరు వేస్తున్నాడు.

"ఏమైందయ్యా మెడకు? వీడు గాని పొడిసినాడా?"

"ల్యా. ఠాణా ముందర తలెత్తి నిలబడితి గదా. కొత్త."

ఆమె ఇంకొంచెం ఆముదం పోసి గట్టిగా రుద్దింది.

"అలవాటైతాది పో," అంది.